వినపడని కీచు

దుర్గాలక్ష్మి వ్యాను షెడ్డుకు రావడం అది మూడోసారి. చంద్రమౌళి బానెట్ ఎత్తి, ఆమెను ఇంజన్ స్టార్ట్ చెయ్యమని, తల వంచి కుడిచెవి బెల్టు దగ్గరగా పెట్టాడు. డీజిల్ ఇంజన్ మామూలు గుడగుడ తప్ప అతనికి ఇంకేమీ వినపడలేదు.

“కీచుమంటంది. ఇనపడతందా మేస్త్రీ?” అని స్టీరింగ్ దగ్గర్నుంచి అడిగింది ఆమె.

“ఇనపడతంది,” అన్నాడు చంద్రమౌళి.

అది అబద్ధం. ఈ బండి విషయంలో ఆ అబద్ధం చెప్పడం కూడా మూడోసారే. మొదటిసారి బెల్టు మీద స్ప్రే కొట్టి పంపాడు. పదిరోజులకు మళ్ళీ వస్తే కొత్త బెల్టు వేశాడు. ఇప్పుడు బెల్టు కాస్త వదులైందని, బిగిస్తే సర్దుకుంటుందని చెప్పాడు.

అనకాపల్లి గవరపాలెంలో అతను షెడ్డు పెట్టి ఇరవై ఆరేళ్ళయింది. బండి లోపలికి రాకముందే శబ్దాన్ని బట్టి జబ్బు చెప్పేస్తాడని పేరు. ఆ పేరు విని కశింకోట నుంచీ, ఎలమంచిలి నుంచీ జీపులవాళ్ళు వచ్చేవాళ్ళు. రెండేళ్ళుగా ఆ చెవులే అతనికి పని చెయ్యడం మానేస్తున్నాయి. ఎదురుగా నిలబడి చెప్పే మాటలు, ఇంజన్ల గుడగుడ బాగానే వినపడతాయి. సన్నటి శబ్దాలే పోయాయి. ముందు పిట్టల కూతలు, తర్వాత ఫోను రింగు, ఆ తర్వాత వెనక నుంచి వచ్చే బండ్ల హారన్లు. భార్య చిన్నమ్మలు కనిపెట్టి డాక్టరుకు చూపించుకోమంది. కసిరాడు. ఇంకోసారి అడిగితే రెండురోజులు అన్నం దగ్గర కూడా మాట్లాడలేదు. దాంతో ఆమె గొంతు పెంచి మాట్లాడటం అలవాటు చేసుకుని ఊరుకుంది. ఆ సంగతి వాళ్ళిద్దరికే తెలుసు.

దుర్గాలక్ష్మిది పూడిమడక. భర్త కొర్లయ్య పడవ మీద వేటకు వెళ్తాడు. నాలుగేళ్ళ క్రితం ఆమె డ్రైవింగ్ నేర్చుకుని ఈ పాత వ్యాను తీసుకుంది. తెల్లారేసరికి చేపల గంపలనూ, వాటిని అమ్ముకునే ఆడవాళ్ళనూ ఎక్కించుకుని అనకాపల్లి మార్కెట్టుకు వస్తుంది. పది, పదకొండు గంటలకు ఖాళీ గంపలతో తిరిగి వెళ్తుంది. ఆ రోజు వెనక సీట్లలో ఐదుగురున్నారు. ముందు సీట్లో, ఎప్పటిలాగే, అత్త ఎరుకమ్మ కూర్చుంది.

చంద్రమౌళి బెల్టు బిగించేటప్పుడు క్రాంక్ పుల్లీ వెనక నల్లటి పొడి కనిపించింది. ఇంజన్ కింది భాగంలో క్రాంక్ షాఫ్ట్ చివర బిగించి ఉండే బరువైన ఇనుప చక్రమది. బెల్టు దాని మీదుగానే తిరుగుతుంది. బెల్టు అరిగి రాలిన పొడేమో అనుకుని వేలితో తుడిచేశాడు. బానెట్ వేశాడు. వ్యాను రోడ్డెక్కింది.

అప్పుడే చిన్నమ్మలు స్కూటీ మీద భోజనం క్యారియర్ తెచ్చింది. ఆమె అంగన్‌వాడీలో టీచరు. మధ్యలో ఒక గంట వీలు చేసుకుని వస్తుంది. స్టాండ్ వేస్తూ వ్యాను వెళ్ళినవైపే చూసింది.

“ఆ బండేటి, అలా అరుత్తంది? ఈది సివరకి ఇనపడతంది,” అంది.

చంద్రమౌళి ముఖం మాడ్చుకున్నాడు. కొత్త బెల్టు అలాగే ఉంటుందన్నాడు. ఆమె మామూలుగా అయితే ఊరుకునేది. ఈసారి ఊరుకోలేదు. బెల్టు అరుపు తనకు తెలుసనీ, ఇన్నేళ్ళుగా షెడ్డులో వింటూనే ఉన్నాననీ చెప్పింది. ఇది కీచుమంటూ మధ్యమధ్యలో టకటకమని కొట్టుకుంటోంది. ఏదో ఇనుము ఇనుముకు తగులుతున్నట్టుంది అంది.

చంద్రమౌళి చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరకు వెళ్ళాడు. వేళ్ళ మీది నల్లపొడి నీళ్ళకు కరగలేదు, జిడ్డులా పులుముకోలేదు. రెండువేళ్ళ మధ్య నలిపితే పిల్లల రబ్బరు ముక్కలాగా చిన్నచిన్న వత్తులు కట్టింది. కొత్తగా వేసిన బెల్టు ఇంతలా రాలదు.

అతను కుళాయి కట్టెయ్యకుండానే రోడ్డు వైపు తిరిగాడు.

ఆ పుల్లీ ఒకే ఇనుప ముక్క కాదు. లోపల చిన్న చక్రం, బయట బరువైన రింగు. రెంటినీ కలిపి పట్టుకునేది మధ్యలో ఉన్న రబ్బరు. ఇంజన్ ఒక్కో దెబ్బకూ క్రాంక్ షాఫ్ట్‌లో పుట్టే వణుకును ఆ రబ్బరే మింగుతుంది. అది పాడైపోతే బయటి రింగు జారుతుంది, ఊగుతుంది, కీచుమంటుంది. చివరికి ఊడి ఎగిరిపోతుంది. రింగు పోతే బెల్టు పోతుంది. ఈ వ్యానులో బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ పంపు డైనమోకే తగిలించి ఉంది. బెల్టు లేకపోతే డైనమో తిరగదు, పంపు తిరగదు. ఒకటి రెండుసార్లు నొక్కేసరికి బ్రేకు రాయిలా బిగుసుకుపోతుంది.

లోపల ఏడుగురు ఆడవాళ్ళున్నారు. మునగపాక మీదుగా అచ్యుతాపురం దాకా ఆ రోడ్డంతా కంపెనీల లారీలే.

ఫోన్ చేశాడు. రింగవుతోందో లేదో తెలియక ఫోన్ చిన్నమ్మలు చెవి దగ్గర పెట్టాడు. రింగవుతోంది గానీ ఎత్తడం లేదంది. బండి నడిపేటప్పుడు దుర్గాలక్ష్మి ఫోన్ సంచీలో పడేసి వెనకవాళ్ళకు ఇచ్చేస్తుంది. చంద్రమౌళి స్కూటీ తాళం తీసుకోబోయాడు. చిన్నమ్మలు ఇవ్వలేదు.

“ఎనకాల ఏ లారీ వత్తందో మీకు తెలీదు. నేను నడుపుతాను, కూకోండి,” అంది.

ఆ మాట ఆమె అంత సూటిగా అనడం అదే మొదలు. అతను మారు మాట్లాడకుండా వెనక ఎక్కాడు.

శారదానది వంతెన దిగేసరికి ముందు ఎక్కడా వ్యాను కనిపించలేదు. చిన్నమ్మలు ఎప్పుడూ నలభై దాటించని మనిషి. ఆ రోజు అరవైలో పోనిచ్చింది. చంద్రమౌళి ఆమె భుజం మీదుగా ముందుకు చూస్తూ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఎదురుగా వచ్చే ప్రతి బండివాడి ముఖంలోనూ అతనికి ఏదో ప్రమాదవార్త కనిపిస్తున్నట్టే ఉంది. ఒకచోట రోడ్డు పక్కన జనం గుమిగూడి ఉంటే అతని చెయ్యి చిన్నమ్మలు భుజాన్ని గట్టిగా పట్టుకుంది. దగ్గరకు వెళ్తే ఎవరో పుచ్చకాయలు అమ్ముతున్నారు.

వెనక నుంచి లారీ ఒకటి హారన్ కొడుతూ ఆనుకుని వచ్చింది. చిన్నమ్మలు ఎడమకు తప్పుకుంది. లారీ గాలికి స్కూటీ ఊగిపోయింది. అది పక్కకు వచ్చేదాకా చంద్రమౌళికి తెలియనే లేదు.

మునగపాక దాటిన కిలోమీటరుకు నీలం రంగు వ్యాను కాస్త ముందు కనిపించింది. దాని ముందు చెరకులోడు ట్రాక్టరు నెమ్మదిగా పోతోంది. దుర్గాలక్ష్మి దాన్ని దాటడానికి కుడివైపు తొంగిచూస్తోంది. ఎదురుగా వరసగా ట్యాంకర్లు వస్తుండటంతో మళ్ళీ వెనక్కి తగ్గుతోంది. చిన్నమ్మలు హారన్ మీద నుంచి వేలు తియ్యకుండా వ్యాను పక్కకు తీసుకెళ్ళింది. చంద్రమౌళి చెయ్యి ఊపాడు. దుర్గాలక్ష్మి అద్దంలో చూసి కిటికీలోంచి తల తిప్పింది.

“బండి ఆపెయ్యమ్మా. మెల్లగా పక్కకి తీసి ఆపెయ్యి,” అని అరిచాడు.

ఆమె ఎందుకని అడగలేదు. అతని ముఖం చూసి యాక్సిలరేటర్ వదిలి బ్రేకు నొక్కింది. వేగం తగ్గింది. అప్పుడే బానెట్ కింద పెద్దగా ఏదో పగిలినట్టు మోగింది. ఆ మోత చంద్రమౌళి కూడా విన్నాడు. బండి కింద నుంచి ఇనుప రింగు ఒకటి ఊడిపడి, రోడ్డు మీద దొర్లుతూ చిన్నమ్మలు ముందు చక్రానికి జానెడు దూరంలో కాలవలోకి పోయింది. రేడియేటర్ నుంచి ఆవిరి లేచింది.

వ్యాను ఇంకా పోతూనే ఉంది. ముందు ట్రాక్టరు ఉన్నట్టుండి ఆగింది. దుర్గాలక్ష్మి మళ్ళీ బ్రేకు తొక్కింది. పెడల్ సగం దిగింది. మూడోసారి తొక్కితే అసలు కదల్లేదు. రెండుకాళ్ళూ దాని మీద పెట్టి లేచి నిలబడినంత పని చేసింది.

“గేరు. రెండుకి దించు. హేండ్ బ్రేకు లాగు,” అని చంద్రమౌళి పక్కనుంచి కేక వేశాడు.

గేరు పడినట్టుంది, ఇంజన్ గట్టిగా మూలిగి బండి ముందుకు ఒరిగింది. చెరకు గడల కొసలు అద్దానికి రెండు బారల దూరంలోకి వచ్చాయి. ఆమె స్టీరింగ్ బలంగా ఎడమకు తిప్పింది. వ్యాను గట్టు దిగి, కోత అయిపోయిన వరిమడిలోకి ఎగురుకుంటూ వెళ్ళి, మెత్తటి మట్టిలో కూరుకుని ఆగింది.

వెనక తలుపు తెరుచుకుని ఒకరి తర్వాత ఒకరు ఆడవాళ్ళు దిగారు. ఒకామె నుదురు చిట్లి రక్తం కారుతోంది. మిగతావాళ్ళకు దెబ్బలు తగిలాయే గానీ నిలబడగలుగుతున్నారు. ఎరుకమ్మ మాత్రం సీట్లోనే ఉండిపోయింది. ముందుకు పడబోయి చెయ్యి ఆనించింది. మణికట్టు వంకర తిరిగి ఉంది. ఆమె ఏడవడం లేదు, తన చేతిని తానే వింతగా చూసుకుంటోంది.

దుర్గాలక్ష్మి అత్తను దింపి గట్టు మీద కూర్చోబెట్టింది. చిన్నమ్మలు తన చున్నీతో ఆ చెయ్యి మెడకు కట్టింది. అప్పటికి గాని దుర్గాలక్ష్మి చంద్రమౌళి వైపు తిరగలేదు.

“మూడుసార్లొచ్చేను. మూడుసార్లూ కీచుమంటందని సెప్పేను. ఇనపడతందన్నారు గదా,” అంది.

బెల్టు కంపెనీ మీద చెప్పొచ్చు, బండి పాతదని చెప్పొచ్చు. అలాంటి మాటలు అతని దగ్గర చాలానే ఉన్నాయి. చిన్నమ్మలు అతని వైపు చూడటం లేదు, ఎరుకమ్మ పక్కన కూర్చుని నేలవైపు చూస్తోంది.

“ఇనపడలేదమ్మా,” అన్నాడు. “సన్న సప్పుడు నాకు ఇనపడదు. రెండేళ్ళయింది. సెప్పుకోడానికి సిగ్గేసి ఇనపడినట్టే సెప్పేను.”

దుర్గాలక్ష్మి తిట్టలేదు. అత్తను లేపి, ఆటో ఆపి, అందర్నీ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. చంద్రమౌళి వస్తానంటే వద్దంది.

వ్యానును ట్రాక్టరుతో లాగించి సాయంత్రానికి షెడ్డుకు చేర్చాడు. రాత్రంతా అతనికి కళ్ళు మూతపడితే చాలు, ట్రాక్టరు చెరకు గడల కొసలే కనిపించాయి. పొద్దున్నే విశాఖ వెళ్ళి కొత్త పుల్లీ, కొత్త బోల్టు, ఆయిల్ సీలు, రేడియేటర్ తెచ్చాడు. దుకాణంలో ఒకతను పాత ఇంజన్ నుంచి తీసిన పుల్లీ చూపించి బాగానే ఉందన్నాడు. చంద్రమౌళి దాని రబ్బరును గోటితో గిల్లి, పగుళ్ళు చూసి, తిరిగి ఇచ్చేశాడు.

మూడోరోజు దుర్గాలక్ష్మి వచ్చింది. ఎరుకమ్మ మణికట్టు ఎముక విరిగింది, కట్టు వేశారు. ఆమె ఇంకో ఇద్దరు మెకానిక్కుల్ని అడిగి చూసింది. ఒకతను వారం తర్వాత చూస్తానన్నాడు. రెండో అతను పుల్లీలో మిగిలిన చక్రాన్ని సుత్తితో కొట్టి పీకుదామన్నాడు. కొడితే షాఫ్ట్ దెబ్బతింటుందా అని ఆమె అడిగితే నవ్వాడట. అందుకని ఇక్కడికే వచ్చానంది.

“మీరే సెయ్యండి. గానీ నేను ఇక్కడే ఉంటాను. తీసేది, పెట్టేది అంతా నాకు సూపించాలి. మీకు తెలీనిది తెలీదని సెప్పాలి,” అంది.

అతను ఒప్పుకున్నాడు.

రేడియేటర్ విప్పాక పుల్లీ లోపలి చక్రం ఒక్కటే షాఫ్ట్ చివర మిగిలి కనిపించింది. దాని అంచు చుట్టూ చిరిగిన రబ్బరు వేలాడుతోంది. దాన్ని పట్టి ఉంచే మధ్య బోల్టు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. రెంచి వేసి తిప్పితే ఇంజనే తిరుగుతోంది. చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, దుర్గాలక్ష్మిని ఎక్కించి, టాప్ గేరులో ఉంచి బ్రేకు బలంగా తొక్కి పట్టమన్నాడు. ఆమె కాలు పెడల్ మీద పెట్టింది గానీ వెంటనే తొక్కలేదు. ఆ పెడల్ వైపే చూస్తూ ఉండిపోయింది. తర్వాత పళ్ళు బిగించి తొక్కింది.

చంద్రమౌళి రెంచికి ఆరడుగుల పైపు తొడిగి ఒరిగాడు. కదల్లేదు. తుప్పు వదిలే నూనె పోసి అరగంట ఆగాడు. మళ్ళీ ఒరిగాడు. బోల్టు తల విరిగిందంటే షాఫ్ట్‌లో మిగిలిన ముక్కని తియ్యడానికి ఇంజన్ మొత్తం దించాలి. అతని మెడ నరాలు ఉబ్బాయి. పైపు ఒక్కసారిగా కిందికి జారి, అతను మోకాళ్ళ మీద పడ్డాడు. బోల్టు వదిలింది. విరగలేదు.

చక్రాన్ని సమంగా బయటికి లాగే పుల్లర్ దానికి తగిలించాడు. మూడు బోల్టులనూ ఒకేలా, కొంచెం కొంచెంగా బిగిస్తూ వచ్చాడు. తొందరపడితే పక్కకు ఒరిగి షాఫ్ట్‌ను గీస్తుంది. దుర్గాలక్ష్మి పక్కన కూర్చుని చూస్తోంది. చెమట అతని కళ్ళలోకి కారుతోంది, తుడుచుకోవడానికి కూడా చెయ్యి తియ్యలేదు. చివరికి చక్రం ఊడి చేతిలోకి వచ్చింది.

అసలు భయం అప్పుడు మొదలైంది. చక్రాన్ని షాఫ్ట్ మీద జారకుండా పట్టేందుకు చిన్న ఇనుప ముక్క ఒకటి గాడిలో కూర్చుని ఉంటుంది. రింగు అన్నాళ్ళు ఊగినందుకు ఆ గాడి అరిగిపోయి ఉంటే క్రాంక్ షాఫ్టే మార్చాలి. వ్యాను నెలలు ఆగిపోతుంది. ఆ నెలలు ఆరు కుటుంబాల చేపలు మార్కెట్టుకు చేరవు. టార్చి వేసి చూశాడు. ఒకవైపు గీత ఉంది. లోతుంటే గోరు తట్టుకుంటుందని, గోరు పెట్టి లాగాడు. నమ్మకం కుదరలేదు, మళ్ళీ లాగాడు. తర్వాత దుర్గాలక్ష్మి వేలు పట్టుకుని అక్కడ పెట్టించాడు.

“గోరు పట్టుకుంటందా సూడమ్మా.”

ఆమె మెల్లగా రాసి చూసింది. పట్టుకోవడం లేదంది. పైపైన గీతే తప్ప గాడి బాగుంది. అతను అక్కడే నేల మీద కూర్చుండిపోయి నీళ్ళు తాగాడు.

షాఫ్ట్ చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే పాత సీలు పీకి కొత్తది పెట్టి, దాని లోపలి అంచుకు నూనె రాశాడు. కొత్త పుల్లీని సుత్తితో కొట్టకుండా, పొడుగాటి బోల్టుతో నెమ్మదిగా లోపలికి లాగించాడు. చివరికి అసలు బోల్టు వేసి, దుర్గాలక్ష్మిని మళ్ళీ ఎక్కించి బ్రేకు తొక్కి పట్టమని, టార్క్ రెంచి పట్టాడు. కావలసినంత బిగిసిన క్షణాన ఆ రెంచి టక్‌మంటుంది. ఆ శబ్దం విని రెండేళ్ళయింది. ఇన్నాళ్ళూ చేతి అంచనాతో లాక్కొచ్చాడు.

“టక్‌మంటే సెప్పమ్మా. నాకు తెలీదు,” అన్నాడు.

ఆమె బ్రేకు మీద కాలు తీయకుండా కిటికీలోంచి వంగి చెవి పెట్టింది. అతను తిప్పుతున్నాడు. ఇంక సరిపోయిందని అతని చెయ్యి చెప్పింది. ఆమె ఏమీ అనలేదు. ఇంకో పావు తిప్పు తిప్పాడు. అప్పుడు ఆమె “అంది,” అని చెప్పింది. చంద్రమౌళి రెంచి చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. ఈ రెండేళ్ళలో తన చేతిని నమ్మి ఎన్ని బోల్టులు ఆ పావు తిప్పు తక్కువగా బిగించి పంపాడో!

బెల్టు ఎక్కించాక సన్నటి కుంచెతో లోపలి చక్రం నుంచి బయటి రింగు దాకా ఒక తెల్లగీత గీశాడు. ఈ గీత ఎప్పుడైనా రెండు ముక్కలై పక్కకు జరిగి కనిపిస్తే రబ్బరు జారినట్టని, వెంటనే బండి ఆపెయ్యాలని చెప్పాడు. ఆమె తలూపి గీతను ఫోన్‌లో ఫొటో తీసుకుంది.

ఇంజన్ స్టార్ట్ చేశారు. చంద్రమౌళి అరచెయ్యి ఇంజన్ మీద పెట్టాడు. వణుకు సమంగా ఉంది. దుర్గాలక్ష్మి పది నిమిషాలు విని కీచు లేదంది. అంతటితో ఆమె తృప్తిపడలేదు. అతన్ని ముందు సీట్లో ఎక్కమంది.

మునగపాక దాటి ఆ వరిమడి దగ్గరకు వచ్చేసరికి రోడ్డు ఖాళీగా ఉంది. ఆమె అరవైకి పెంచింది. చంద్రమౌళి చేతులు ఒడిలోనే పెట్టుకున్నాడు. దేన్నీ పట్టుకోకూడదనిపించింది. ఆమె బ్రేకు తొక్కింది. టైర్లు రోడ్డును కరుచుకుని వ్యాను ఆగింది. మళ్ళీ నడిపి మళ్ళీ తొక్కింది. అలా నాలుగుసార్లు ఆపింది. తర్వాత బండి వెనక్కి తిప్పింది. రేపట్నుంచి తమవాళ్ళని ఎక్కించుకుంటానని మాత్రం చెప్పింది.

షెడ్డుకు వచ్చేసరికి ఎలమంచిలి నుంచి ఒక జీపు వచ్చి ఉంది. దాని యజమాని తాతబ్బాయి పదేళ్ళుగా అక్కడికే వస్తున్నాడు. ఇంజన్ ఏదో సన్నగా ఈల వేస్తోందని, ఒకసారి వినమని పిలిచాడు. చంద్రమౌళి బానెట్ దగ్గరకు వెళ్ళలేదు. తనకు ఆ ఈల వినపడదని, తాను చేసిన పనిలో ఒక బండి మడిలో పడిందని, పాత పనులన్నిటికీ మళ్ళీ బిగింపు చూడాలని చెప్పాడు. జీపు బోల్టులు కూడా చూసి ఇస్తానని, ఈల సంగతికి మాత్రం ఇంకొకరిని చూసుకోమన్నాడు. తాతబ్బాయి బోల్టులు చూపించుకుని జీపు తీసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఆ వారంలో చంద్రమౌళి, చిన్నమ్మలు కలిసి రెండేళ్ళలో పనిచేసిన బండ్లవాళ్ళకు ఫోన్లు చేశారు. కొందరు తిట్టారు, కొందరు తెచ్చి చూపించుకున్నారు. కశింకోట జీపు ఒకదానికి నాలుగు బోల్టులు వదులుగా దొరికాయి. సోమవారం చిన్నమ్మలు సెలవు పెట్టి అతన్ని విశాఖలో చెవుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. పరీక్షగదిలో తలకు హెడ్‌ఫోన్లు తగిలించి, వినపడగానే మీట నొక్కమన్నారు. చాలాసేపు అతని వేలు కదల్లేదు. అద్దానికి అవతల కూర్చున్న చిన్నమ్మలు కళ్ళు తుడుచుకోవడం చూశాడు. చూసి కూడా, వినపడని చోట అతను మీట నొక్కలేదు.